పంచె ముక్క మీద నూనె మరక

మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు మైకు పట్టుకుని "ఆమె మా అందరికీ తల్లి లెక్క" అన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

సంతాప సభ సెల్లార్లోనే పెట్టారు. మాకు ఏ మీటింగైనా అక్కడే. కొన్ని కార్లు పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఒక కుర్చీ మీద తెల్ల దుప్పటి పరిచి ఆవిడ ఫొటో పెట్టి దండ వేశారు. ఫొటోలో ఆవిడ ముఖం కోపంగా ఉంది. నవ్వుతున్న ఫొటో కోసం చాలా వెతికారట, దొరకలేదట. ఉంటే కదా దొరకడానికి. ఆ ఫొటోకు ఎదురుగా గోడ మీద లామినేషన్ చేయించిన నోటీసు ఇంకా అలాగే ఉంది. ‘ఇతరుల వాహనముల బానెట్లు తెరచుట, ఆయిల్ పరీక్షించుట నిషేధము.’ కింద అసోసియేషన్ ముద్ర. ఆ నోటీసు ఈ భవనంలో ఒక్క మనిషి కోసం పెట్టింది. ఆ మనిషి పోయింది. కనీసం ఆ ఒక్కపూటకైనా దాన్ని తీసి పక్కన పెడదామన్న సిగ్గు ఎవరికీ లేకపోయింది.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడే ఊరుకునేది కాదు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భర్త హబ్సిగూడలో ఒక పరిశోధనాలయంలో పనిచేశాడు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగాల కోసం వచ్చి తార్నాకలో ఉండిపోయిన కుటుంబం. ఎదురుపడితే అందరూ మేడం అనేవాళ్లు, అటు తిరగగానే ఆయిలాంటీ అని నవ్వుకునేవాళ్లు. నేను అదే యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెబుతాను. ఆవిడ ఫ్లాటుకు సరిగ్గా పై ఫ్లాటులో అద్దెకు దిగాను.

దిగిన రోజే పరిచయం. సామాను దించుకోవడానికి కారు తలుపులన్నీ తెరిచిపెట్టి పైకి వెళ్లొచ్చేసరికి, ఎవరో పెద్దావిడ నా కారు బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉంది. నేత చీర, కొంగు నడుముకు బిగించి ఉంది, భుజం మీద తెల్లగుడ్డ.

"ఎవరండీ మీరు? ఏం చేస్తున్నరు?" అన్నాను.

"కారు నీదా?" అంది తలెత్తకుండానే.

"నాదే."

"ఆయిల్ ఎప్పుడు మార్పించావు?"

"మొన్ననే సర్వీసింగ్ చేయించిన."

"సర్వీసింగ్ అంటే కడిగించావా, ఆయిల్ మార్పించావా?"

బిల్లులో ఏదో రాసి ఉంది, నేను చదవలేదు. ఆ సంగతి నా ముఖంలోనే తెలిసిపోయినట్టుంది. ఇంజన్ పక్కనుంచి సన్నటి ఇనప పుల్ల ఒకటి లాగింది. దాన్ని డిప్‌స్టిక్ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి గుచ్చి, మళ్లీ తీసి నా కళ్ల ముందు పెట్టింది. "ఇక్కడ రెండు గీతలున్నాయి చూడు. నూనె ఈ రెండింటి మధ్య ఉండాలి. పై గీత దాటితే తప్పు, కింది గీత దిగితే ముప్పు. నీది కింది గీతకు కూడా అందలేదు. మొన్ననే సర్వీసింగ్ అయితే నీ నూనె ఎవడు తాగాడు?"

ఆవిడ జవాబు కోసం చూడలేదు. గుడ్డ భుజాన వేసుకుని లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

ఆ గుడ్డ ఆవిడ భర్త పంచె. ఆయన పోయాక పంచెలన్నీ అంచులు తీసేసి, చదరంగా కత్తిరించి, సంచిలో పెట్టుకుంది. నాకూ ఒక ముక్క ఇచ్చింది. "ఆయన పంచెలా?" అని నేను వెనకాడితే, "మరి? బీరువాలో దాచుకుని వాసన చూస్తూ ఏడవమంటావా? ఆయన బతికుండగా చెయ్యని పని ఇప్పుడు ఇవి చేస్తున్నాయి" అంది.

ఆ చెయ్యని పని ఏమిటో తెలియాలంటే మా సెల్లార్ అలవాటు ఒకటి చెప్పాలి. మా సెల్లారే కాదు, ఈ ఊళ్లో సగం సెల్లార్ల అలవాటు అది. పాల ప్యాకెట్లు వచ్చే వేళకు పెద్దమనుషులు ఒక్కొక్కరే కిందికి దిగుతారు. కారు కవర్ తీస్తారు. అద్దాలు తుడుస్తారు. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అలా గురగురలాడించి ఆపేస్తారు. బ్యాటరీ దిగిపోకూడదట, ఇంజన్‌కు కాస్త కదలిక ఉండాలట. తర్వాత కవర్ కప్పి పేపరు చదువుకోవడానికి పైకి పోతారు. కారు రోడ్డెక్కేది ఏ పెళ్లికో, ఏ ఆస్పత్రికో. ఆయిల్ మార్చారా అని అడిగితే అందరిదీ ఒకటే మాట, తిరగని బండికి ఆయిల్ ఎందుకు అని.

ఆ మాట వింటే ఆవిడ కళ్లు ఎర్రబడేవి. "బజ్జీలు వేసిన నూనె నాలుగు రోజులుంటే ఇంట్లో మీరే పారబోయిస్తారు. వాడలేదు కదా అని రెండేళ్లనాటి నూనెతో పోపు పెడితే తింటారా? ఇంజన్‌కు నోరు లేదనేగా మీ ధైర్యం?" అనేది. ఆ తర్వాత ఎవరైనా వింటున్నారా లేదా చూడకుండా చెప్పుకుపోయేది. ఐదు నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కకపోతే లోపల చెమ్మ చేరుతుంది, కాలని పెట్రోలు నూనెలోకి జారుతుంది. రోడ్డు మీద అరగంట తిప్పితే ఆ చెమ్మ ఆవిరైపోతుంది. ఇక్కడే స్టార్ట్ చేసి ఇక్కడే ఆపితే లోపలే ఉండి నూనెను జిడ్డుగా మార్చేస్తుంది. అందుకే కిలోమీటర్లు చూసుకుంటే చాలదు, తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. ఏ నూనె పొయ్యాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, పక్కింటివాడి నోట్లో ఉండదు. ఈ పాఠం నాకు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఆదివారం పొద్దున ఆవిడ తన కారు క్యాంపస్‌కు తీసుకెళ్లేది. చిన్న కారు, పాతది, పైన గీతలు. దాన్ని ఎప్పుడూ కడిగించేది కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని క్యాంపస్ రోడ్లన్నీ చుట్టేది. వాకింగ్ వాళ్లు, చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, రోడ్డు దాటే నెమళ్లు. దేన్నీ చూసేది కాదు. చూపంతా రోడ్డు మీద, మధ్యమధ్య మీటర్ల మీద. ఒక ఆదివారం ఇంజన్ ఆపి, నూనె కిందికి దిగేదాకా ఆగుదామని చెట్టు కింద కూర్చున్నప్పుడు భర్త సంగతి చెప్పింది.

"ఆయన కారును కన్నబిడ్డలా చూసుకున్నారు. రోజూ తుడవడం, రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చెయ్యడం. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయిల్ మాటెత్తితే తిరగని కారుకు ఎందుకే అనేవారు. అంత చదువుకున్న మనిషి. ఒక మధ్యాహ్నం గుండెల్లో నొప్పన్నారు. డ్రైవింగ్ నేనే చేశాను. తార్నాక సిగ్నల్ దాటగానే ఎదురుగా మీటర్లలో ఎర్ర దీపం వెలిగింది, నూనె కుప్పె బొమ్మ ఉంటుందే, అది. ఏవండీ, ఈ దీపం ఏవిటని అడిగాను. ఏం లేదు, సెన్సార్ పాడై ఉంటుంది, పోనీ అన్నారు. పోనిచ్చాను. ఇంకాస్త దూరం వెళ్లేసరికి గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు. ఇంజన్ పట్టేసింది. నడిరోడ్డు మీద ఆగిపోయాం. వెనకాల హారన్లు. ఆటో దొరికేదాకా ఆయన ఆ సీట్లోనే కూర్చుని కారుకు ఏమైందే అని అడుగుతూనే ఉన్నారు. ఆస్పత్రి గేటు దాకా మాట్లాడారు. గేటు దాటాక మాట్లాడలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. విదిలించేసింది.

"జాలిపడకు. నాకు బాధ కన్నా కోపం ఎక్కువ. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. ఎందుకు తిట్టకూడదు? అంబర్‌పేట్ మెకానిక్ ఇంజన్ విప్పి చూపించాడు. లోపల నల్లటి జిడ్డు, గోంగూర పచ్చడంత చిక్కగా. అమ్మా, కింద జాలీ మూసుకపోయింది, నూనె పైకి ఎక్కలే అన్నాడు. ముందే వెళ్లి ఉంటే బతికేవారా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేం అన్నాడు. ఆ చెప్పలేం అన్న మాటతో నేను రోజూ నిద్రలేస్తున్నాను. ఏడాదికోసారి నూనె మార్చి ఉంటే ఆ మాట నాకు ఉండేది కాదు."

తర్వాత లేచి, పుల్ల తీసి చూసి, "సరిగ్గా ఉంది, పద" అంది.

ఆవిడకు అన్నీ తెలుసునని నేను చెప్పను. రెండో అంతస్తులో బ్యాంకు ఉద్యోగి ఒకతను కొత్త నూనె పోయించిన వారానికే ఆవిడ అతని పుల్ల లాగింది. నూనె కాటుకలా ఉంది. "సిగ్గులేదా, మార్పించానని అబద్ధం చెబుతావా" అని అందరి ముందు దులిపేసింది. తర్వాత అంబర్‌పేట్‌లో కనుక్కుంటే, డీజిల్ కారులో నూనె పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుందని తెలిసింది. ఆ సాయంత్రమే అతని తలుపు కొట్టింది. నేను పక్కనే ఉన్నాను. "నీది డీజిల్ బండట. నాకు తెలియలేదు. తప్పు నాది. అందరి ముందు తిట్టాను కాబట్టి రేపు అందరి ముందూ ఈ మాటే చెబుతాను" అంది. అతను పర్లేదు మేడం అంటుంటే, "పర్లేదేవిటి, ఉంది. అన్నట్టు ఎయిర్ ఫిల్టర్ చూపించు" అంది. మర్నాడు పొద్దున సెల్లార్లో నిలబడి నిజంగానే చెప్పింది. నవ్వినవాళ్లు నవ్వారు. తప్పు ఒప్పుకోవడం చూడటం వాళ్లకు కొత్త.

ప్రెసిడెంటుతో గొడవ ఆ తర్వాత జరిగింది. ఆయన పొద్దున్నే కారు స్టార్ట్ చేసి, తలుపు తెరిచిపెట్టి, అద్దం తుడుస్తున్నాడు. పక్కనుంచి పోతున్న ఆవిడకు లోపల ఎర్ర దీపం కనబడింది. నూనె కుప్పె బొమ్మ. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాల్సింది వెలుగుతూనే ఉంది.

"ఆపు. ముందు ఇంజన్ ఆపు" అంది.

"ఏం కాలే మేడం. సెన్సార్ ప్రాబ్లం. గా లైటు ఎప్పటి సంది ఎలుగుతనే ఉన్నది."

సెన్సార్ అన్న మాట విన్నాక ఆవిడ ఆగలేదు. లోపలికి వంగి ఇంజన్ ఆపి, తాళం తీసి కొంగున ముడేసుకుంది. "ఆయిల్ పోయించేదాకా ఇవ్వను" అంది.

ప్రెసిడెంటు అరిచాడు. వాకింగ్ నుంచి వచ్చేవాళ్లు, పాలకు దిగినవాళ్లు అందరూ ఆగారు. ఆయన భార్య లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. "నా బండి నా ఇష్టం. మీ సార్ పోయిన కాడికెల్లి మీకు దిమాక్ ఖరాబైంది" అన్నాడు.

ఆవిడ కొంగు ముడి విప్పి తాళం కారు మీద పెట్టింది.

"అవును, ఖరాబైంది. నీ భార్యకు కాకూడదనే చెబుతున్నాను" అంది.

ఆ వారంలోనే నోటీసు వచ్చింది. కమిటీలో అందరూ సంతకాలు పెట్టారు. డీజిల్ కారు అతను కూడా పెట్టాడు. నేను అద్దెకున్నదాన్ని, నా మాట అడిగినవాళ్లు లేరు. అయినా ప్రెసిడెంటు ఇంటికి వెళ్లి నోటీసు తీసెయ్యమని అడిగాను. "ప్రైవేట్ ప్రాపర్టీ మేడం, రూల్ అంటే రూల్" అన్నాడు. సెల్లార్లో సిగరెట్లు కాల్చొద్దన్న రూలు కూడా గోడ మీద ఉంది. దాని కింద రోజూ సిగరెట్ కాల్చేది ఆయనే.

ఆవిడ నోటీసు చదివి గొడవ చెయ్యలేదు. నాకు అదే భరించలేనిదైంది. తన కారు పక్కన ఒక కుర్చీ వేసుకుని, పంచె ముక్క భుజాన వేసుకుని, రోజూ పొద్దున కార్లు స్టార్టయ్యే వేళకు వచ్చి కూర్చునేది. ఎవరి బండీ ముట్టుకునేది కాదు, ఎవరినీ పలకరించేది కాదు. ఆ చప్పుళ్లు వింటూ కూర్చుని, అందరూ పైకి వెళ్లాక లేచేది.

"ఎందుకాంటీ ఇక్కడ కూర్చుంటరు? పైకి రండి" అన్నాను ఒకరోజు.

"ఒక్కడి కోసం. ఈ బిల్డింగులో ఒక్కడొచ్చి, ఆయిల్ మార్పించానండీ, మీరు చెప్పింది నిజమే అనాలి. దండలొద్దు, క్షమాపణలొద్దు. ఆ ఒక్క మాట వింటే, ఆ రోజు ఆయన రోడ్డు మీద ఆగిపోవడం ఎవరికో ఒకరికి పనికొచ్చిందనుకుంటాను."

"నేను మార్పిస్తున్న కదా."

"నీది లెక్కలోకి రాదు. నువ్వు నాకు భయపడి మార్పిస్తున్నావు."

నిజమే. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. అలా ఎన్ని పొద్దులు కూర్చుందో. ఏళ్లు గడిచాయి. ఎవరూ రాలేదు. మొన్న వానల్లో జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేరింది. చూడటానికి వెళ్తే, "కింద ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగింది. లేదన్నాను. కళ్లు మూసుకుంది. ఇంటికి తిరిగి రాలేదు.

అలాంటి మనిషి ఫొటో ముందు నిలబడి ప్రెసిడెంటు మైకులో చెబుతున్నాడు. "ఆమె చెప్పిన ప్రతి మాట మాకు యాదున్నది. ఆమె మాట మేమందరం ఇంటుంటిమి."

నేను లేచాను. ఆయన కారు అక్కడే, కుర్చీల వెనక ఉంది.

"సార్, మీ కారు తాళం ఇయ్యండి."

"ఎందుకు మేడం?"

"ఆమె మాట ఇన్నరు కదా. చూద్దాం."

ఎవరో నన్ను కూర్చోమన్నారు. ఇంకెవరో ఇది టైము కాదన్నారు. ప్రెసిడెంటు మైకు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ముందు వరసలోంచి ఆయన భార్య లేచి, హ్యాండ్‌బ్యాగులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టింది.

ఆ జిడ్డును బయటికి తీసి అందరి ముందూ గుడ్డకు పూయాలని వెళ్లాను. ఆయన తల్లి లెక్క అన్న మనిషి ఫొటో ముందే పూయాలని. బానెట్ ఎత్తాను. బ్యాగులోంచి ఆవిడ ఇచ్చిన పంచె ముక్క తీశాను. పుల్ల లాగి తుడిచి, మళ్లీ గుచ్చి, మళ్లీ తీశాను.

నూనె తేనె రంగులో ఉంది. పై గీతకు కాస్త కింద, ఉండాల్సిన చోట. ఈ మధ్యనే పోసిన నూనె.

పుల్లను వెలుతురుకు పట్టి మళ్లీ చూశాను. ప్రెసిడెంటు భార్య నా పక్కకు వచ్చి నిలబడింది.

"గా గొడవైన వారంల్నే మార్పిచ్చిండమ్మా" అంది. "బండ్ల ఆయిల్ అడుగంటిందంట, ఇంకొన్ని దినాలైతే ఇంజన్ పోతుండె అన్నరంట. గప్పటి సంది యేడాదికోపారి మార్పిస్తనే ఉన్నడు. అంబర్‌పేట్‌ల, ఆమె పోయే మెకానిక్ తాననే. ఆమెకు చెప్పొద్దని గా మెకానిక్‌కు గూడ చెప్పిండు."

నేను ప్రెసిడెంటు వైపు తిరిగాను. "ఆమెకెందుకు చెప్పలే సార్?"

"చెప్పెటందుకు ఏమున్నది మేడం." మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట సెల్లార్ అంతా వినబడింది. "నోటీసు పెట్టినంక ఎట్ల చెప్తం. ఇజ్జత్ ఉంటది కద."

ఆ నూనె నల్లగా ఉండుంటే నా కోపం ఆ పూటతో పోయేది. వినని మూర్ఖుడు అనుకుని నాలుగు తిట్టి మెట్లెక్కేదాన్ని. ఈయన విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. విని, ఇంజన్ కాపాడుకున్నాడు. విని, నోటీసును గోడ మీదే ఉంచాడు. రోజూ పొద్దున కారు స్టార్ట్ చేసి, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని దాటుకుని పైకి వెళ్లాడు. ఆవిడ ఎదురుచూసిన మాట ఆవిడ కుర్చీకి నాలుగడుగుల దూరంలో, ఆయన బానెట్ కింద ఉంది. ఆస్పత్రి మంచం మీద ఆవిడ అడిగినప్పుడు కూడా అక్కడే ఉంది. నా కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గాలో నాకు తెలియదు.

పుల్లను పంచె ముక్కతో తుడిచాను. తెల్లటి గుడ్డ మీద పలచని మరక పడింది. దాన్ని తీసుకెళ్లి దండ కింద, ఫొటో ముందు పరిచాను.

"ఆంటీ, ప్రెసిడెంటుగారు ఆయిల్ మార్పించిండ్రంట" అన్నాను.

ఫొటోలో ఆవిడ ముఖం కోపంగానే ఉంది.